చెల్లని సాక్ష్యం

కంచు పలక మొదటిసారి పలికిన పొద్దున సువర్చల మేడమీద వంటగదిలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కింద నుంచి విశ్వపతి కేక వినబడింది.

"సువర్చలా! ఒకసారి కిందికి రా. ఎవరో మాట్లాడుతున్నారు. నాకు ముక్క అర్థం కావడం లేదు."

ఆ భవనం ఒకప్పుడు బడి. ఇటలీ నడుమ మొలీసె కొండల్లో, చదివే పిల్లలు లేక మూతపడిన బడి. కింది గదుల్లో ప్రయోగశాల పెట్టారు. పై గదుల్లో ఈ భార్యాభర్తల కాపురం. విశ్వపతిది లోహాల చదువు. విశాఖపట్నంలో ఓడల ప్రొపెల్లర్లలో పగుళ్ళు వెతికే ఉద్యోగం చేస్తున్నప్పుడు అతనికొక వింత ఎదురైంది. సుత్తితో కంచు మీద కొట్టకముందే ఆ దెబ్బ చప్పుడు యంత్రంలో నమోదై ఉంది. యంత్రం పాడైందన్నారు అందరూ. అతను మాత్రం ఏడేళ్ళు దాని వెంట పడ్డాడు. చివరికి తేలిందేమిటంటే, ప్రతి కంచు ముక్కకీ ఒక సన్నని శ్రుతి ఉంటుంది. సరిగ్గా ఆ శ్రుతిలో మోగిస్తే అది ఇప్పుడు మోగుతూనే, తన గతంలో ఇంకొక రోజున కూడా మోగుతుంది. దాని ముందు ఇక్కడ మాట్లాడితే అక్కడ వినబడుతుంది. అక్కడి మాట ఇక్కడికి వస్తుంది. ఎంత వెనక్కన్నది ఆ ముక్క బరువూ మందమూ నిర్ణయిస్తాయి, మన చేతిలో ఉండదు. కొండమీద పాత ఊరి తవ్వకాల్లో దొరికిన ఈ పలకది ఇరవై ఒక్క శతాబ్దాల పైచిలుకు దూరం. ఇక్కడ ఒక రోజు గడిస్తే అక్కడా ఒక రోజే గడుస్తుంది. మోగించిన ప్రతిసారీ పలక అంచున ఉన్న పగులు వెంట్రుకంత పెరుగుతుంది. అందుకని రోజుకి పావుగంటే.

సువర్చల తడిచేతులతోనే మెట్లు దిగి వచ్చింది. స్పీకరులోంచి ఒక ముసలి గొంతు, కోపంగా, ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. ఆమె తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఏ భాష?" అన్నాడు విశ్వపతి.

"ఆస్కన్," అంది.

లాటిన్ మింగేయక ముందు ఆ కొండల్లో జనం మాట్లాడిన భాష అది. మిగిలింది కొన్ని వందల శాసనాలు, అవీ సగం విరిగినవి. సువర్చల పద్దెనిమిదేళ్ళు వాటి మీదే పనిచేసింది. దాన్ని నోటితో పలకగా విన్న మనిషి భూమ్మీద ఎవరూ లేరు, ఆ పొద్దుటి దాకా.

"గోడ వెనక ఎవరు?" అని అడుగుతున్నాడు ఆ ముసలాయన.

ఆమె మైకు దగ్గరికి వంగి, శాసనాల్లోంచి ఏరుకున్న మాటలతో, "శత్రువుని కాను, అయ్యా," అంది.

ఆయన నవ్వాడు. "పై ఊరి మేకలకాపరిలా మాట్లాడుతున్నావు. ఎవరమ్మా నువ్వు?"

ఆయన పేరు మరాస్. ఆ ఊరి మెద్దిస్. ఆస్కన్ జనం ఏడాదికొకరిని పెద్దగా ఎన్నుకునేవారు, ఆయన్ని మెద్దిస్ అనేవారు. న్యాయం పలికేవాడని ఆ మాటకి అర్థం. తగవులు తీర్చడం, దేవుడి పండగలు జరిపించడం, యుద్ధమొస్తే మనుషుల్ని పంపడం, అన్నీ ఆయన బాధ్యతే. పలక ఆయన తీర్పు చెప్పే గదిలో గోడకి వేలాడుతోంది. రోజూ పొద్దున్నే, జనం రాకముందు, ఆయన ఒక్కడే ఆ గదికి వచ్చేవాడు. గది ఊడ్చే కోడలు విబియాకి తప్ప ఈ గొంతు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ ఎల్విరా ఒకటే నిబంధన పెట్టింది. "మనం అడగాలి. చెప్పకూడదు. జరిగిపోయినదాన్ని కదిపితే ఏమవుతుందో నీ భర్తకీ తెలియదు, నాకూ తెలియదు."

సువర్చల సరేనంది. అడగడానికే ఒక జీవితం చాలదనిపించింది ఆమెకి. నాగలిని ఏమంటారు, పాలు విరిగితే ఏమంటారు, మరదల్ని ఎలా పిలుస్తారు, మొన్నని ఎలా చెప్తారు. మరాస్ విసుక్కోకుండా చెప్పేవాడు. కూతుర్ని ఫుతీర్ అంటారని చెప్పినప్పుడు ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. సంస్కృతంలో దుహిత అన్నది ఇదే మాట, ఇరవై ఒక్క శతాబ్దాల అవతల నుంచి ఒక మనిషి నోటి తడితో వచ్చింది.

నిబంధన కొంచెం కొంచెం సడలింది. ఒక రోజు ఆయన ఒక తగవు చెప్పాడు. ఒకడి తేనెపట్టులోంచి ఈగలు లేచి పొరుగువాడి తొర్రలో చేరాయి. తేనె ఎవరిది? మరాస్ తేనె పొరుగువాడికీ, మైనం మొదటివాడికీ ఇప్పించాడు. ఈగలు మాత్రం ఎవరివీ కావని తీర్పు చెప్పాడు.

"మా నాన్న వింటే మెచ్చుకునేవాడు," అంది సువర్చల. "బొబ్బిలి మునసబు కోర్టులో గుమాస్తా ఆయన. తీర్పు చెప్పేవాడి పక్కన కూర్చుని అంతా రాసేవాడు. అన్నం తింటూ మాకీ కథలే చెప్పేవాడు."

"రాసేవాడి కూతురివా? అయితే మా ఇంటి పిల్లవే," అన్నాడు మరాస్. ఆ రోజు నుంచి ఆమెని ఫుతీర్ అనే పిలిచాడు.

వేసవి మొదట్లో ఒక పొద్దున ఆయన ఉన్నట్టుండి అన్నాడు. "నువ్వు దేవతవి కావని నాకు ఎప్పుడో తెలిసింది. పోయినవాళ్ళ ఇంట్లో సామాను సర్దేవాళ్ళలాగ మా మాటలు ఒక్కొక్కటీ ఎత్తి చూస్తావు. మా తర్వాత పుట్టినదానివి కదూ?"

సువర్చల ఎల్విరా వైపు చూసింది. ఎల్విరా తల అడ్డంగా ఊపింది. అయినా సువర్చల అబద్ధం చెప్పలేకపోయింది. "అవును," అంది.

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ రోజు పాలు విరగ్గొట్టి గట్టి చేసే పద్ధతి వివరంగా చెప్పాడు.

ఎండలు తగ్గుముఖం పట్టాక అడిగాడు. గొంతు వేరుగా ఉంది.

"కొండ తెగలన్నీ కలిసి రోమ్ మీదికి వెళ్తున్నాయి. మా ఊరి నుంచి ఆయుధం పట్టగలిగిన మగవాళ్ళందర్నీ పంపమని కబురొచ్చింది. మూడు రోజుల్లో జనాన్ని కూర్చోబెట్టి నేను చెప్పాలి. పంపనంటే తోటి తెగలు మమ్మల్ని ద్రోహులంటాయి. పంపితే మూడు వందల పన్నెండు మంది. నా కొడుకు స్తాతిస్ కూడా అందులోనే. నువ్వు తర్వాత పుట్టినదానివి. వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారా?"

సువర్చలకి తెలుసు. ఆ చదువు చదివిన ఎవరికైనా తెలుసు. రోమ్ ఉత్తర ద్వారం దగ్గర నవంబరు ఒకటిన జరిగిన యుద్ధం అది. ఓడిపోయి లొంగిన కొండజనాన్ని వేలల్లో ఒక ఆవరణలోకి తోలి నరికారు. ఆ అరుపులు నగరమంతా వినబడ్డాయి. మరుసటేటి నుంచి ఆ కొండల్లో ఊళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

"ఒక్క నిమిషం, అయ్యా," అని మైకు ఆపింది.

ఎల్విరా మెల్లగా అంది. "నిబంధన నీకు తెలుసు."

విశ్వపతి చేయి శ్రుతి సరిచేసే గుండీ మీద ఉంది. "నువ్వు చెప్పావనుకో, ఆయన ఊరు వదిలి పోతాడు. పలక కరిగించినా కరిగించేస్తాడు. క్రియాపదాలు ఇంకా సగం కూడా కాలేదన్నావు కదా," అన్నాడు.

"అన్నాను."

"అదీ చూసుకో మరి."

తర్వాత ఏళ్ళ తరబడి సువర్చల ఆ నిమిషాన్ని తలుచుకుంది. నిబంధన కోసమే నిజం దాచానని చెప్పుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించింది. మనసొప్పలేదు. ఆ నిమిషాన ఆమె కళ్ళముందు కదిలింది ప్రపంచం తలకిందులవుతుందన్న భయం కాదు, మేడమీద బల్ల మీదున్న నిఘంటువు. సగం ఖాళీగా ఉన్న పేజీలు.

ఆమె మైకు తెరిచింది. "నాకు తెలియదు," అంది.

"తెలియదా?"

"అంత చిన్న సంగతులు మా దాకా రాలేదు."

మరాస్ గట్టిగా ఊపిరి వదిలాడు. "మంచిదే. తెలియనిదాన్ని అడిగి లాభం లేదు. నా బుద్ధితోనే చెప్తాను."

మూడో రోజున జనం ముందు ఆయన పంపుతానని చెప్పాడు. కేకలూ, డాళ్ళ మీద కత్తులు తట్టిన చప్పుడూ స్పీకరు దాకా వచ్చాయి.

బయల్దేరడానికి ఇంకా వారం ఉంది. సువర్చలకి నిద్ర కరువైంది. ఏదో ఒకటి చెయ్యాలనిపించి, ఒక పొద్దున మరాస్‌ని అడిగింది. "అయ్యా, వెళ్ళేవాళ్ళ పేర్లు చెప్తారా? తండ్రి పేర్లతో సహా. మీ పేర్ల తీరు రాసుకుంటాను."

ఆయన సంబరపడ్డాడు. దీవించడానికి అడుగుతోందనుకున్నాడేమో. మూడు పొద్దులు పట్టింది. పేరూ తండ్రి పేరూ చెప్పి, ఒక్కొక్కరి గురించి ఒక ముక్క కలిపేవాడు. ఇతను కుంటుతాడు కానీ బరిసె విసిరితే గురి తప్పదు. ఇతను తేనెపట్టు తగవులో ఓడినవాడు. ఇతనికి మొన్ననే కవల పిల్లలు పుట్టారు. చివరి పేరు స్తాతిస్, మరాస్ కొడుకు. ఆ పేరు దగ్గర మాత్రం ఏమీ కలపలేదు.

సువర్చల మూడు వందల పన్నెండు పేర్లూ తన చేత్తో రాసింది. రాస్తున్నంతసేపూ విశ్వపతి ఆమెని చూస్తూనే ఉన్నాడు.

నవంబరు ఒకటిన నేపుల్స్‌లో పెద్ద సభ జరిగింది. ఆస్కన్ గొంతుని లోకానికి మొదటిసారి వినిపించారు. తేనెపట్టు తగవు వేశారు. మరాస్ నవ్వితే సభంతా నవ్వింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎల్విరా కళ్ళు తుడుచుకుంది. సువర్చల చేతికి పూలగుత్తి ఇచ్చారు. ఆమె గోడ మీది గడియారం చూసింది. నాలుగవుతోంది. అక్కడ కూడా అదే రోజు. అక్కడ ఈ పాటికి యుద్ధం మొదలై ఉంటుంది.

"ఇంటికి పోదాం," అంది విశ్వపతితో.

కారు కొండ ఎక్కుతుండగా అతనే అన్నాడు. "ఆ రోజు నేను క్రియాపదాల మాట ఎత్తకుండా ఉండాల్సింది."

"నువ్వు ఎత్తకపోయినా నేను అదే చెప్పేదాన్ని," అంది సువర్చల.

తర్వాత పదకొండు రోజులు పలక దగ్గర ఎవరూ పలకలేదు. గది ఊడుస్తున్న చీపురు చప్పుడు మాత్రం వినబడేది. పన్నెండో రోజు మరాస్ వచ్చాడు.

"ఇద్దరు తిరిగొచ్చారు," అన్నాడు. "కుంటివాడూ, ఇంకొకడూ. తక్కినవాళ్ళ సంగతి వాళ్ళే చెప్పారు. చేతులు పైకెత్తినవాళ్ళని కూడా నరికారట."

సువర్చల పేర్ల కాగితంలో కుంటివాడి పేరు వెతికింది.

"ఫుతీర్ అని పిలవను ఇక. ఒకటి అడుగుతాను, చెప్పు. వెళ్ళేవాళ్ళ పేర్లు ఎందుకడిగావు? మా ఊళ్ళో పేర్లున్నవాళ్ళు చాలామంది. ఆడవాళ్ళు లేరా? పిల్లలు లేరా? వాళ్ళ పేర్లేవీ అడగలేదు నువ్వు. వెళ్ళే ఆ మూడు వందల పన్నెండు మందివే అడిగావు. వాళ్ళిద్దరూ వచ్చినప్పటి నుంచి నేను ఇదే ఆలోచిస్తున్నాను. నీకు తెలుసు."

ఎల్విరా సైగ చేసింది. సువర్చల చూడలేదు.

"తెలుసు, అయ్యా."

అవతల పీట జరిగిన చప్పుడైంది. ఆయన తన పీట మీద కూర్చున్నాడని ఆమెకి అర్థమైంది. తీర్పు చెప్పేటప్పుడు ఆయన నిలబడడు.

"తప్పు మోపబడినవాళ్ళు తమ మాట చెప్పుకోవచ్చు. మా పద్ధతి అది. చెప్పుకో."

ఆమె చెప్పుకుంది. నిబంధన ఉందని చెప్పింది. తర్వాత అది నిజం కాదంది. "మీరు ఊరు వదిలిపోతే మీ మాటలు నాకు దక్కవనుకున్నాను. మీ భాషని బతికించాలనుకున్నాను. మీరు ఉన్నారన్న సంగతి ఆ నిమిషంలో మరిచిపోయాను," అంది. చివరి వాక్యంలో క్రియ తప్పు పలికింది. ఆయన ఎప్పట్లాగ సరిదిద్దలేదు.

తీర్పు చెప్పాడు. "తెలిసీ సాక్ష్యం దాచినవాళ్ళకి మా దగ్గర ఒకే శిక్ష ఉంది. నీ మాట ఇకమీదట ఈ గదిలో సాక్ష్యంగా చెల్లదు. నువ్వు ఏం చెప్పినా ఈ ఊళ్ళో ఎవరూ దాన్ని నిజమని తీసుకోనక్కర్లేదు." తర్వాత తన సంగతికి వచ్చాడు. "నా తప్పుకి కూడా తీర్పు ఉంది. నా ఊరివాళ్ళ ప్రాణాల గురించి ముందుగా ఎవరో కనబడని గొంతుని అడిగాను. ఇవాళ్టితో నేను మెద్దిస్‌ని కాను. రోమ్ వెళ్తాను. కొడుకు ఎముకలైనా ఇమ్మని అడుగుతాను."

"వెళ్ళకండి," అంది సువర్చల. "మిమ్మల్ని చంపేస్తారు."

ఆయన అప్పటికే లేచి వెళ్ళిపోయాడు.

కొండల మీద మంచు పడింది. విశ్వపతి పలక పగులు కొలిచి, ఇంకో నూట యాభైసార్ల కన్నా ఎక్కువ తట్టుకోదని లెక్క వేశాడు. ఎల్విరా ఇక చాలన్నట్టుగా కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. డిసెంబరు చివర్లో ఒక పొద్దున పలక లోంచి ఆడగొంతు వినబడింది.

"ఉన్నావా? మా మామగారు తిరిగి రాలేదు. నీకేమైనా తెలుసా?"

విబియా. సువర్చల ఆమె గొంతు వినడం అదే మొదలు. మరాస్ మాటని బట్టి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు.

సువర్చల ఎల్విరా వైపు తిరిగింది. "చెప్పేస్తాను," అంది.

ఎల్విరా లేచి, రికార్డు చేసే యంత్రం ఆపేసి, కోటు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా మూసింది.

"విబియా, విను," అంది సువర్చల. "ఆయన ఏమయ్యారో నాకు తెలియదు. కానీ మంచు కరగ్గానే రోమ్ సైన్యం ఈ కొండల్లోకి వస్తుంది. ఏ ఊరినీ వదలదు. ఉన్నవాళ్ళందర్నీ తీసుకుని వెళ్ళిపో. తూర్పుగా సముద్రం వైపు వెళ్ళండి. మే నెల, అంటే మీ మేకలు పై మేతకి వెళ్ళే వేళ, వచ్చేదాకా ఆగకండి."

"నువ్వేగా మా మామగారికి తెలియదని చెప్పింది?"

"నేనే."

"ఈ గొంతుతోనే చెప్పావుగా. ఇంతే మెత్తగా."

"విబియా, ఇది నిజం. నన్ను ఎంతైనా తిట్టు. ఇది మాత్రం నమ్ము."

"ఎలా నమ్మను?" ఆ పిల్ల గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీ మాట చెల్లదని ఆయన వెళ్ళేముందు నలుగురిలో పలికి వెళ్ళారు. నేను ఊళ్ళోవాళ్ళకి ఏమని చెప్పను? ముసలివాళ్ళూ, చంటిపిల్లలూ ఉన్నారు. ఇంత మంచులో ఇళ్ళు వదిలి రమ్మని, ఆ గోడలో గొంతు చెప్పిందని చెప్పనా? ఆయన మాట కాదని నీ మాట వినమంటావా?"

మరాస్ తీర్పులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె తండ్రి ఉన్నా అదే రాసి ఉండేవాడు.

"ఆలోచించు," అని మాత్రం అంది. అవతల చీపురు చప్పుడు మొదలైంది. కొంతసేపటికి అదీ ఆగింది.

విబియా మళ్ళీ మాట్లాడలేదు. సువర్చల మాత్రం మర్నాడు పొద్దున్నే వెళ్ళి మైకు ముందు కూర్చుంది. "వెళ్ళిపోండి. మంచు కరగకముందే వెళ్ళిపోండి. సైన్యం వస్తోంది," అంది. ఆ మర్నాడూ అదే అంది. పావుగంటసేపు, మాటలు మార్చి మార్చి, మరాస్ నేర్పిన క్రియలన్నిటితోనూ చెప్పింది. బతిమాలింది. ఏ దారి మంచిదో చెప్పింది, ఏ వాగు దగ్గర రోమ్‌వాళ్ళు గుడారాలు వేస్తారో చదివినంతవరకూ చెప్పింది. అవతల ఎవరైనా నిలబడి వింటున్నారో, ఖాళీ గదికి చెప్తోందో తెలిసే వీలు లేదు. ఒక్కోసారి ఎవరో ఊపిరి తీస్తున్నట్టు అనిపించేది. ఒక్కోసారి చిన్నపిల్ల దగ్గు వినబడేది.

పగులు పెరుగుతోంది. ఏడేళ్ళు కంచు శ్రుతి వెంట పడిన విశ్వపతి, పలకకి ధూళి తగిలినా ఓర్చుకోలేని మనిషి, రోజూ పొద్దున్నే ఆమెకన్నా ముందు వచ్చి శ్రుతి కలిపి పెట్టేవాడు. పగులు ఎంతకొచ్చిందో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

మార్చిలో నిఘంటువు అచ్చయి వచ్చింది. నాలుగు వేల మాటలు. సువర్చల అట్టపెట్టె విప్పలేదు. తన పేరు తీసేయమని రాసిన ఉత్తరం ఆలస్యంగా చేరిందని ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పారు.

ఏప్రిల్ నెలాఖరున ఆమె గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. మే పదో తేదీ దాటింది. తవ్వకాల్లో దొరికిన, ఊరు కాలిన బూడిద పొర ఆ రోజుల్లోదేనని పండితుల అంచనా. మే పద్దెనిమిదిన పలక ఒక మూల ఊడి కిందపడింది. విశ్వపతి దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టాడు.

"ఇంకొక్కసారి మోగుతుంది. అంతే," అన్నాడు.

"మోగించు."

ఈసారి సువర్చల ఏమీ చెప్పలేదు. స్పీకరుకి చెవి ఆనించి కూర్చుంది. మనుషుల మాటలు లేవు. చీపురు లేదు, దగ్గు లేదు. ఏడుపులు గానీ గుర్రాల డెక్కలు గానీ మంటల చిటపటలు గానీ లేవు. గాలి మాత్రం వస్తూ పోతూ ఉంది. తీర్పుగది తలుపు తెరిచే ఉన్నట్టుంది, గాలికి కొట్టుకుంటోంది.

"వెళ్ళిపోయారంటావా?" అన్నాడు విశ్వపతి.

వెళ్ళిపోయి ఉండొచ్చు. రోమ్ సైన్యం పట్టుకుపోయి ఉండొచ్చు. తలుపు రెండు విధాలా తెరిచే ఉంటుంది. పావుగంట అయ్యేదాకా ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు. తర్వాత కంచు మూగబోయింది.